సర్వర్ గదికి ఎన్ని టన్నుల ఏసీ కావాలి: ఉష్ణ భారాన్ని లెక్కగట్టే పద్ధతి

వంద చదరపు అడుగులకు ఒక టన్ను అన్నది మన ఊళ్లలో ఏసీ అమ్మేవారూ బిగించేవారూ నోటి లెక్కగా వాడే సూత్రం. పడకగదికి ఆ సూత్రం చాలావరకు సరిపోతుంది, ఎందుకంటే పడకగదిలో వేడికి ప్రధాన కారణం గోడలు, పైకప్పు, కిటికీలే తప్ప లోపల ఉన్న వస్తువులు కావు. సర్వర్ గదిలో పరిస్థితి వేరు. అక్కడ రాత్రనక పగలనక నడిచే యంత్రాలు గదిలోనే కూర్చుని వేడిని పుట్టిస్తుంటాయి, వాటి వేడికీ గది వైశాల్యానికీ ఏ సంబంధమూ ఉండదు. రెండు వందల చదరపు అడుగుల గదిలో ఒక చిన్న ర్యాక్ (సర్వర్లను అరలుగా బిగించే ఇనుప చట్రం) ఉండవచ్చు, నాలుగు నిండు ర్యాక్‌లూ ఉండవచ్చు. కాబట్టి లెక్కను టేపుతో కాకుండా కరెంటు మీటరుతో మొదలుపెట్టాలి. గోడల లెక్క ఆ తర్వాత వస్తుంది. అయితే చిన్న గదుల విషయంలో ఆ రెండో లెక్కను కూడా తేలిగ్గా తీసుకోకూడదని ఈ వ్యాసంలోని అంకెలే చూపుతాయి.

కళాశాల, ఆసుపత్రి, సహకార బ్యాంకు, ఓ మోస్తరు కార్యాలయం వంటి చోట్ల ఉండే ఒకటి రెండు ర్యాక్‌ల గదిని దృష్టిలో పెట్టుకుని ఈ పద్ధతిని వివరిస్తున్నాను. ఉదాహరణ కోసం హైదరాబాదులో ఒక మూడంతస్తుల భవనంలో పై అంతస్తున ఉన్న గదిని తీసుకుందాం. దాని పొడవు 5 మీటర్లు, వెడల్పు 4 మీటర్లు, ఎత్తు 3 మీటర్లు. పొడవైన గోడల్లో ఒకటి పడమర ఎండకు నేరుగా ఎదురుగా ఉంటుంది, మిగిలిన మూడూ ఏసీ లేని వరండాకూ పక్క గదులకూ ఆనుకుని ఉంటాయి, పైన మిద్దె మాత్రమే ఉంటుంది. ఇలాంటి గదిని సర్వర్లకు కేటాయించడం తెలివైన పని కాదు గానీ, మన భవనాల్లో సర్వర్లకు మిగిలేది సాధారణంగా ఇలాంటి గదే.

కరెంటే వేడి

సర్వర్ తీసుకునే కరెంటులో దాదాపు ప్రతి వాటూ చివరకు వేడిగానే బయటకు వస్తుంది. మోటారు లాగా అది బరువులు ఎత్తదు, పంపు లాగా నీళ్లు తోడదు. ప్రాసెసర్ ఎంత లెక్క చేసినా, డిస్కు ఎంత తిరిగినా, ఫ్యాను ఎంత గాలి విసిరినా ఆ శక్తి అంతా అదే గదిలో ఉష్ణంగా మారుతుంది. అందువల్ల 300 వాట్లు తీసుకునే సర్వర్ వేడి 300 వాట్లే. ఇందులో సామర్థ్య గుణకాలు వేసి తగ్గించవలసినది గానీ పెంచవలసినది గానీ ఏదీ లేదు.

ప్రమాణాలు మాత్రం మూడు రకాలుగా కనిపిస్తాయి కాబట్టి వాటి మధ్య మార్పిడి తెలిసి ఉండాలి. ఒక వాటు అంటే గంటకు 3.412 బీటీయూలు (బ్రిటిష్ థర్మల్ యూనిట్లు, వేడిని కొలిచే పాత ప్రమాణం). ఒక టన్ను శీతలీకరణ అంటే గంటకు 12,000 బీటీయూలు, అంటే 3,517 వాట్లు. ఒక అమెరికన్ టన్ను మంచుగడ్డ, అంటే సుమారు 907 కిలోల మంచు, 24 గంటల్లో కరగడానికి పీల్చుకునే వేడి నుంచి ఈ టన్ను పుట్టింది. లెక్కంతా వాట్లలో చేసి, ఏసీని ఎంచుకునే చివరి దశలో మాత్రమే టన్నుల్లోకి మార్చుకోవడం మంచిది. మధ్యలో బీటీయూల్లోకి వెళ్లి తిరిగి రావడం వల్ల తప్పులు దొర్లడం తప్ప లాభమేమీ లేదు.

పరికరాల వాట్లను ఎలా తెలుసుకోవాలి

సర్వర్ వెనుక అంటించిన చీటీ మీద 800 వాట్లు అని ఉంటే అది దాని పవర్ సప్లై ఇవ్వగలిగిన గరిష్ఠ శక్తి మాత్రమే, సర్వర్ వాస్తవంగా తీసుకునేది కాదు. పైగా చాలా సర్వర్లలో రెండు పవర్ సప్లైలు ఉంటాయి. ఒకటి పోతే రెండోది మొత్తం భారాన్ని మోయడానికి వాటిని అలా అమరుస్తారు, కాబట్టి రెంటినీ కలిపి 1,600 వాట్లు అని రాసుకోవడం పూర్తిగా తప్పు. మన ఉదాహరణలో ఇలాంటి సర్వర్లు ఆరు ఉన్నాయనుకుందాం. చీటీల ప్రకారం కూడితే 9,600 వాట్లు వస్తుంది. అవే సర్వర్లను పని ఒత్తిడి ఎక్కువగా ఉన్న వేళ కొలిచినప్పుడు ఒక్కొక్కటి 380 వాట్లు తీసుకుంటే మొత్తం 2,280 వాట్లే అవుతుంది. మొదటి అంకెను నమ్మి ఏసీ కొంటే నాలుగు రెట్లు పెద్దది వచ్చిపడుతుంది. అంత పెద్ద ఏసీ, అందులోనూ భారాన్ని బట్టి కంప్రెసరు వేగాన్ని మార్చుకునే ఇన్వర్టర్ రకం కానిదైతే, మాటిమాటికీ ఆగుతూ మొదలవుతూ కంప్రెసరును అరగదీసుకుంటుంది.

కొలవడానికి మూడు మార్గాలున్నాయి. అన్నిటికంటే తేలికైనది సర్వర్‌లోనే ఉండే నిర్వహణ పోర్టు. ఐలో, ఐడ్రాక్ వంటి పేర్లతో ఉండే ఆ తెరలో ప్రస్తుత విద్యుత్తు, సగటు, గరిష్ఠం మూడూ కనిపిస్తాయి. రెండోది యూపీఎస్ తెర. అది తన మీద ఉన్న మొత్తం భారాన్ని చూపుతుంది కాబట్టి సర్వర్లతో పాటు స్విచ్‌లు, ఫైర్‌వాల్, డిస్కుల పెట్టె అన్నీ ఒకేసారి లెక్కలోకి వస్తాయి. ఆ తెర మీద కేవీఏ, కిలోవాట్ రెండు అంకెలూ ఉంటే కిలోవాట్‌నే తీసుకోవాలి, ఎందుకంటే వేడిగా మారేది అదే.

మూడోది క్లాంప్ మీటరు. దీనికి ఎలక్ట్రీషియన్ చేత డిస్ట్రిబ్యూషన్ బాక్సు మూత తీయించి, ర్యాక్‌కు వెళ్లే ఎంసీబీ దగ్గర ఒక్క ఫేజు తీగ చుట్టూ మాత్రమే క్లాంపు తగిలించాలి. కేబుల్ మొత్తాన్ని పట్టుకుంటే ఫేజులో వెళ్లే కరెంటూ న్యూట్రల్‌లో తిరిగొచ్చే కరెంటూ ఒకదాన్నొకటి రద్దు చేసుకుని మీటరు సున్నా చూపుతుంది. అది చూసి మీటరు పాడైందనుకునేవారు ఉన్నారు. వచ్చిన ఆంపియర్లను అక్కడి వోల్టేజీతో గుణించాలి. ఇప్పటి సర్వర్ల పవర్ ఫ్యాక్టరు (ఆ లబ్ధంలో నిజమైన వాట్ల వాటా) తగినంత భారం ఉన్నప్పుడు 0.95 కంటే ఎక్కువే ఉంటుంది కాబట్టి ఆ లబ్ధాన్ని యథాతథంగా వాట్లుగా తీసుకున్నా పెద్ద తేడా రాదు.

ఎప్పుడు కొలిచామన్నది కూడా ముఖ్యమే. మధ్యాహ్న భోజన వేళ కొలిచిన అంకె ఆసుపత్రిలో ఉదయం ఓపీ రద్దీని చూపదు, సెలవుల్లో కొలిచినది కళాశాలలో పరీక్షా ఫలితాల రోజును చూపదు. రాత్రి జరిగే బ్యాకప్ కూడా డిస్కులను బాగా శ్రమపెడుతుంది. ఒక వారం పాటు గరిష్ఠాన్ని నమోదు చేసే సౌకర్యం యూపీఎస్‌లో ఉంటే దాన్ని వాడుకోవాలి. ఇంకా కొనని పరికరాలకు కొలత సాధ్యం కాదు కాబట్టి, తయారీదారులు తమ వెబ్‌సైట్లలో ఇచ్చే పవర్ కాలిక్యులేటర్‌లో ప్రాసెసర్లు, మెమరీ, డిస్కుల వివరాలు వేసి చూడాలి. అదీ వీలుకాకపోతే ఒక్క పవర్ సప్లై చీటీ అంకెలో మూడింట రెండు వంతులు తీసుకుంటే సాధారణంగా భయం లేదు.

ఇక్కడ చాలామంది పట్టించుకోని అంశం ఒకటుంది. సీసీ కెమెరాలకూ ఐపీ ఫోన్లకూ నెట్‌వర్క్ కేబుల్ ద్వారానే కరెంటు పంపే పీఓఈ స్విచ్‌లు తీసుకునే విద్యుత్తులో ఎక్కువ భాగం ఆ కెమెరాల దగ్గరే ఖర్చవుతుంది. ఉదాహరణ గదిలోని రెండు పీఓఈ స్విచ్‌లు ఒక్కొక్కటి 350 వాట్లు తీసుకుంటూ, అందులో 250 వాట్లు కేబుళ్ల గుండా బయటకు పంపుతున్నాయనుకుందాం. గదిలో మిగిలే వేడి ఒక్కో స్విచ్‌కు 100 వాట్లే. వరండాలో ఉన్న కెమెరా వేడిని సర్వర్ గది ఏసీ మోయనక్కర్లేదు.

ఆరు సర్వర్లకు 2,280 వాట్లు, డిస్కుల పెట్టెకు 650, ప్రధాన స్విచ్‌లకు 300, ఫైర్‌వాల్‌కూ రూటర్‌కూ కలిపి 200, పీఓఈ స్విచ్‌లకు 200, కెమెరాల రికార్డరుకూ దాని తెరకూ 150 వాట్లు అనుకుంటే, పరికరాల వేడి మొత్తం 3,780 వాట్లు. యూపీఎస్ మీద పడే భారం మాత్రం ఇంతకంటే 500 వాట్లు ఎక్కువ, అంటే 4,280 వాట్లు, ఎందుకంటే కెమెరాలకు వెళ్లే కరెంటు కూడా దాని గుండానే పోతుంది.

యూపీఎస్, బ్యాటరీలు

ఆన్‌లైన్ యూపీఎస్ కరెంటును ఒకసారి ఏకముఖ ప్రవాహంగా (డీసీ), మళ్లీ ఏకాంతర ప్రవాహంగా మారుస్తుంది, ఆ మార్పిడిలో కొంత నష్టపోతుంది. ఆ నష్టం కూడా వేడే. భారాన్ని సామర్థ్యంతో భాగించి, వచ్చిన దాంట్లోంచి భారాన్ని తీసివేస్తే నష్టం వస్తుంది. మన గదిలోని 10 కేవీఏ యూపీఎస్ సామర్థ్యం ఈ భారం దగ్గర 90 శాతం అయితే, 4,280ను 0.90తో భాగించగా 4,756 వస్తుంది, నష్టం 476 వాట్లు. యూపీఎస్ తక్కువ భారంతో నడుస్తుంటే సామర్థ్యం ఇంకా పడిపోతుందని గుర్తుంచుకోవాలి. బ్రోచరులో పెద్ద అక్షరాలతో రాసే సామర్థ్యం చాలావరకు యూపీఎస్‌కు అత్యంత అనుకూలమైన భారం దగ్గరిదే. కౌంటర్లలోని కంప్యూటర్లకు కూడా ఇదే యూపీఎస్ నుంచి కరెంటు వెళుతుంటే, ఆ కంప్యూటర్ల వేడి బయటే ఉన్నా వాటి వల్ల యూపీఎస్‌లో కలిగే నష్టం ఈ గదిలోనే ఉంటుంది కాబట్టి దాన్ని కలపాలి.

యూపీఎస్‌ను పక్క గదిలో పెడితే ఈ 476 వాట్లు లెక్కలోంచి పోతాయి. కానీ బ్యాటరీలను గాలాడని గదిలోకి నెట్టడం మంచిది కాదు. సీల్డ్ లెడ్ యాసిడ్ బ్యాటరీలకు 25 డిగ్రీల పరిసర ఉష్ణోగ్రత అనుకూలం, అక్కడి నుంచి సుమారు ప్రతి 10 డిగ్రీల పెరుగుదలకూ వాటి ఆయుష్షు సగానికి పడిపోతుంది. మే నెలలో 38 డిగ్రీల గదిలో ఉన్న బ్యాటరీలు వారంటీ దాటీ దాటకముందే చేతులెత్తేయడానికి కారణం ఇదే. వైరింగ్‌లోనూ పవర్ స్ట్రిప్‌లలోనూ పోయే నష్టానికి యూపీఎస్ భారంలో 2 శాతం, అంటే 85 వాట్లు కలిపితే చాలు.

గోడలు, స్లాబు

పెద్ద డేటా సెంటర్లలో గోడల గుండా వచ్చే వేడి మొత్తంలో చాలా చిన్న భాగం కాబట్టి వారు దానికి ఒక నామమాత్రపు అంకె వేసి ముందుకు వెళతారు. చల్లని దేశాల్లో రాసిన మార్గదర్శకాలూ అదే చెబుతాయి. రెండు ర్యాక్‌ల గదికి, అదీ తెలుగు ప్రాంతపు వేసవిలో పై అంతస్తులో ఉన్న గదికి, ఆ సలహా పనికిరాదు.

లెక్క సూత్రం సరళమైనదే. వైశాల్యాన్ని ఆ గోడ యూ-విలువతో గుణించి, దాన్ని మళ్లీ ఉష్ణోగ్రతల వ్యత్యాసంతో గుణించాలి. ఒక చదరపు మీటరు గోడ గుండా, ఒక డిగ్రీ వ్యత్యాసానికి ఎన్ని వాట్లు దూరి వస్తాయో చెప్పేదే యూ-విలువ. రెండు వైపులా ప్లాస్టరింగ్ చేసిన తొమ్మిదంగుళాల ఇటుక గోడకు ఇది సుమారు 2.0, నాలుగున్నర అంగుళాల లోపలి గోడకు సుమారు 2.3, ఏ ఇన్సులేషనూ లేని ఆరంగుళాల కాంక్రీటు స్లాబుకు సుమారు 3.3 ఉంటుంది. ఒకే పొర గాజు కిటికీకి అది 5.7 దాకా ఉంటుంది, ఎండ నేరుగా లోపలికి రావడం దానికి అదనం. అందుచేత సర్వర్ గదిలో కిటికీ ఉంటే దాన్ని ఇటుకలతో మూసేయించడమే సరైన పని. ఉదాహరణ గదిలోనూ పడమర కిటికీని మూసేసినట్టే భావిద్దాం.

ఉష్ణోగ్రతల వ్యత్యాసం దగ్గర కొంత జాగ్రత్త కావాలి. హైదరాబాదులో ఏప్రిల్, మే నెలల్లో బయట 41 డిగ్రీలు, లోపల 24 డిగ్రీలు అనుకుంటే వ్యత్యాసం 17. కానీ ఎండ తగిలే మిద్దె ఉపరితలం గాలి కంటే ఎంతో ఎక్కువగా కాలుతుంది, మధ్యాహ్నం చెప్పుల్లేకుండా దాని మీద నిలబడలేం. మరోవైపు ఇటుక, కాంక్రీటు ఆ వేడిని తమలో నిలుపుకుని కొన్ని గంటలు ఆలస్యంగా, కొంత తగ్గించి లోపలికి వదులుతాయి. ఈ రెండింటినీ కలిపి చూస్తే స్లాబుకు 25 డిగ్రీలు, పడమర గోడకు 20 డిగ్రీలు వ్యత్యాసంగా తీసుకోవడం ఇలాంటి అంచనాకు సమంజసం. రెంటచింతల, రామగుండం, విజయవాడ వంటి చోట్ల ఇంకో నాలుగైదు డిగ్రీలు కలుపుకోవాలి.

పడమర గోడ 15 చదరపు మీటర్లు, దాన్ని 2.0తోనూ 20తోనూ గుణిస్తే 600 వాట్లు. స్లాబు 20 చదరపు మీటర్లు, దాన్ని 3.3తోనూ 25తోనూ గుణిస్తే 1,650 వాట్లు. లోపలి గోడలు మూడూ కలిపి 39 చదరపు మీటర్లు. అవతల 34 డిగ్రీలుంటే వ్యత్యాసం 10 కాబట్టి 897 వాట్లు, అంటే 900 అనుకోవచ్చు. కింది అంతస్తులో ఏసీ లేకపోతే నేల గుండా కూడా వేడి వస్తుంది. నేల స్లాబుకు యూ-విలువ 2.8, వ్యత్యాసం 8 డిగ్రీలు వేసుకుంటే సుమారు 450 వాట్లు. పక్క గదిలో పగలు ఏసీ నడుస్తుంది కదా అని ఆ గోడను లెక్కలోంచి తీసేయకూడదు, ఆఫీసు మూసేశాక ఆ ఏసీ ఆగిపోతుంది, సర్వర్లు ఆగవు.

ఈ నాలుగూ కలిపి 3,600 వాట్లు, అంటే ఒక టన్నుకు పైగా, ఒక్క సర్వరూ పెట్టకముందే. అందులో సగానికి దగ్గరగా ఉన్నది ఒక్క స్లాబు వాటాయే కాబట్టి, ఏసీ కోసం డబ్బు ఖర్చు పెట్టే ముందు దాని సంగతి చూడాలి. స్లాబు మీద 50 మిల్లీమీటర్ల పాలీయురెథేన్ ఇన్సులేషన్ వేయిస్తే యూ-విలువ 3.3 నుంచి సుమారు 0.5కు పడిపోతుంది, 1,650 వాట్లు 250 అవుతాయి. ఆదా అయ్యేది 1,400 వాట్లు, అంటే 0.4 టన్ను, అదీ ఏటా ప్రతి వేసవిలోనూ. ఇన్సులేషన్‌కు అనుమతి గానీ డబ్బు గానీ లేకపోతే కనీసం ఎండను వెనక్కి కొట్టే తెల్ల పూత వేయించాలి. తెలంగాణ ప్రభుత్వం 2023లో తెచ్చిన కూల్ రూఫ్ విధానం ప్రోత్సహించేది ఇలాంటి పూతలనూ పలకలనే. పూత ప్రభావం దుమ్ము పేరుకునే కొద్దీ తగ్గుతుంది కాబట్టి ప్రతి ఏటా ఉగాదికి ముందు కడిగించే ఏర్పాటు ఉండాలి.

మనుషులు, లైట్లు, తలుపు సందులు

వీటి మీద ఎక్కువ సమయం వెచ్చించనక్కర్లేదు. ఎల్ఈడీ లైట్లకు వాటి వాట్లే లెక్క, మన గదిలో 80. లోపల ఒకరు పని చేస్తుంటే గాలిని వేడెక్కించే వాటా సుమారు 75 వాట్లు, చెమట, ఊపిరి ద్వారా వచ్చే తేమ వాటా ఇంకో 55 వాట్లు. తలుపు సందుల గుండా గంటకు గదిలోని సగం గాలి మారుతుందనుకుంటే హైదరాబాదు వేసవిలో సుమారు 160 వాట్లు. అదే గాలి మారకం విశాఖపట్నంలో జరిగితే వేడితో పాటు తేమ కూడా లోపలికి వస్తుంది, ఆ తేమను నీరుగా మార్చడానికి ఏసీ మరో 260 వాట్ల వరకు ఖర్చు చేయాలి. తీర ప్రాంతాల్లో తలుపు అంచులకు రబ్బరు పట్టీ, కేబుళ్లు దూరే రంధ్రాలకు సీలింగ్ తప్పనిసరి అనడానికి కారణం అదే.

మొత్తం ఎంత

పరికరాలు 3,780, యూపీఎస్ 476, వైరింగ్ 85, లైట్లు 80, మనిషి 75 కలిపితే 4,496 వాట్లు. గోడలూ స్లాబూ గాలీ కలిపితే 3,760 వాట్లు. మొత్తం 8,256 వాట్లు, అంటే 2.35 టన్నులు. స్లాబుకు ఇన్సులేషన్ వేయిస్తే 6,856 వాట్లు, అంటే 1.95 టన్నులు. గోడల గరిష్ఠ వేడి, స్లాబు గరిష్ఠ వేడి ఒకే గంటలో రావు కాబట్టి వాటిని ఇలా నేరుగా కూడటం వల్ల అంచనా కొద్దిగా ఎక్కువ వైపే ఉంటుంది, చిన్న గదికి అది మంచిదే.

భవిష్యత్తులో పెరిగే పరికరాల కోసం కొంత చేర్చాలి. మొత్తం మీద 25 శాతం వేయడం అలవాటుగా జరుగుతోంది, కానీ గోడలు పెరగవు కాబట్టి పెంపును పరికరాలూ యూపీఎస్ వాటా మీద మాత్రమే వేయాలి. మన గదికి 1,000 వాట్లు కలుపుదాం. ఇన్సులేషన్ వేయించిన తర్వాత రూపకల్పన భారం సుమారు 7.9 కిలోవాట్లు.

వాట్ల నుంచి ఏసీల ఎంపికకు

ఎక్కువ గదులు దారి తప్పేది ఇక్కడే. 7.9 కిలోవాట్లను 3.517తో భాగిస్తే 2.25 టన్నులు వస్తుంది కాబట్టి రెండు 1.5 టన్నుల స్ప్లిట్ ఏసీలు సరిపోతాయని అనిపిస్తుంది. సరిపోవు.

మొదటి కారణం, ఏసీ మీద రాసే సామర్థ్యంలో రెండు భాగాలుంటాయి. గాలి ఉష్ణోగ్రతను తగ్గించేది ఒకటి, దాన్ని సెన్సిబుల్ అంటారు. గాలిలోని తేమను నీరుగా మార్చి పైపు గుండా బయటకు పంపేది రెండోది. మనుషుల కోసం చేసిన స్ప్లిట్ ఏసీలో సెన్సిబుల్ వాటా సుమారు 70 నుంచి 75 శాతమే. సర్వర్లు చెమట పట్టవు, వాటి వేడి మొత్తం సెన్సిబులే. సర్వర్ గదుల కోసమే చేసే ప్రిసిషన్ ఏసీల్లో ఈ వాటా 90 శాతానికి పైనే ఉంటుంది, వాటి ధర ఎక్కువ కావడానికి ఉన్న కారణాల్లో ఇదొకటి. హైదరాబాదు వేసవిలో గాలి పొడిగా ఉన్నప్పుడు స్ప్లిట్ ఏసీ కూడా 75 శాతం కంటే మెరుగ్గానే పని చేస్తుంది, అయితే వానాకాలాన్ని తలచుకుని 75 శాతాన్నే నమ్ముకోవడం క్షేమం.

రెండో కారణం, ఏసీ సామర్థ్యాన్ని ప్రయోగశాలలో బయట 35 డిగ్రీలు, లోపల 27 డిగ్రీలు ఉంచి కొలుస్తారు. మన మిద్దె మీద ఔట్‌డోర్ యూనిట్ చుట్టూ మే మధ్యాహ్నం ఉండేది 35 డిగ్రీలు కాదు. ఆ వేడిలో సామర్థ్యం కనీసం 10 శాతం పడిపోతుంది. రెండు మూడు ఔట్‌డోర్ యూనిట్లను ఒకదాని వేడి గాలి ఇంకోదానికి తగిలేలా ఎదురెదురుగా బిగిస్తే ఇంకా ఎక్కువే పడిపోతుంది.

ఈ రెండింటినీ కలిపి చూద్దాం. 1.5 టన్నుల ఏసీ అంటే సుమారు 5.2 కిలోవాట్లు, దాన్ని 0.75తోనూ 0.9తోనూ గుణిస్తే 3.5 కిలోవాట్లు. రెండు ఏసీలకు 7 కిలోవాట్లే, మనకు కావలసింది 7.9. అదే 2 టన్నుల ఏసీ అయితే 7.0ను అలాగే గుణించగా 4.7 కిలోవాట్లు వస్తుంది, రెండింటితో 9.4 కిలోవాట్లు కాబట్టి సరిపోతుంది. వీటికి తోడు, ఒకటి చెడిపోయినా గది నిలబడాలంటే మూడోది ఉండాలి. అంటే 2 టన్నులవి మూడు, ఎప్పుడూ రెండు నడుస్తూ, ఒకటి విశ్రాంతి తీసుకుంటూ, వంతులు మార్చే టైమరుతో. 215 చదరపు అడుగుల గదికి నోటి లెక్క చెప్పేది మాత్రం రెండు టన్నులు.

మూడో ఏసీ విలాసం కాదని ఒక లెక్క చూపుతుంది. ఈ గదిలోని గాలి సుమారు 67 కిలోలు. ఏసీలన్నీ ఆగిపోయి పరికరాలు నడుస్తూనే ఉంటే, 4.3 కిలోవాట్ల వేడికి ఆ గాలి ఒక్కటే లొంగుతుందనుకున్నప్పుడు సుమారు 16 సెకన్లకు ఒక డిగ్రీ చొప్పున ఉష్ణోగ్రత పెరగాలి. గోడలూ ర్యాకుల ఇనుమూ కొంత పీల్చుకుంటాయి కాబట్టి వాస్తవంగా అంతకంటే నెమ్మదిగా పెరుగుతుంది, అయినా మెకానిక్ బండి తీసుకుని వచ్చేంత వ్యవధి ఉండదు. కరెంటు పోయినప్పుడు కూడా ఇదే జరుగుతుంది, యూపీఎస్ మీద సర్వర్లు నడుస్తుంటాయి, ఏసీలు ఆగుతాయి. అందుచేత జనరేటరు సామర్థ్యంలో ఏసీల కరెంటునూ కలపాలి, కరెంటు తిరిగి రాగానే రిమోటు నొక్కకుండా తమంతట తామే మొదలయ్యే ఏసీలనే కొనాలి. ఈ రెండో విషయాన్ని దుకాణంలోనే అడిగి నిర్ధారించుకోవడం మంచిది.

గాలి చేరాలి కదా

టన్నులు సరిపోయినా గాలి సరిపోకపోవచ్చు. సర్వర్ ముందు నుంచి చల్లని గాలిని పీల్చి వెనుక నుంచి సుమారు 12 డిగ్రీలు వేడిగా వదులుతుందనుకుంటే, సముద్ర మట్టం దగ్గర ఒక్కో కిలోవాటుకూ నిమిషానికి సుమారు 147 ఘనపు అడుగుల గాలి కావాలి. హైదరాబాదు సముద్ర మట్టానికి సుమారు 540 మీటర్ల ఎత్తున ఉండటం వల్ల గాలి 6 శాతం పలుచన, కాబట్టి అక్కడ 157 కావాలి. ఏసీ వివరాల పత్రంలో గాలి ప్రవాహపు అంకె ఉంటుంది, దాన్ని ఈ లెక్కతో సరిచూసుకోవాలి.

ఏసీ గాలి ర్యాక్ ముందు వైపుకు పడాలి, వెనుక వైపు వేడి గాలి నేరుగా ఏసీ పీల్చే చోటికి చేరాలి. ర్యాక్‌లో ఖాళీగా ఉన్న అరల ముందు బ్లాంకింగ్ ప్యానెళ్లు బిగించకపోతే వెనుక వేడి గాలి ఆ సందుల్లోంచే ముందుకు తిరిగొచ్చి మళ్లీ సర్వర్లలోకి వెళుతుంది. గదంతా చల్లగా ఉన్నా పై అరలోని సర్వర్ మాత్రం కాలిపోవడానికి చాలాసార్లు కారణం ఏసీ తక్కువ కావడం కాదు, ఆ ప్లాస్టిక్ పలకలు లేకపోవడం.

ఉష్ణోగ్రతను ఎక్కడ కొలవాలన్నదీ దీనితోనే ముడిపడి ఉంది. ఏసీ, శీతలీకరణ ఇంజనీర్ల సంస్థ ఆష్రే సిఫారసు చేసే 18 నుంచి 27 డిగ్రీల పరిధి సర్వర్ పీల్చే గాలికి వర్తిస్తుంది, గోడ మీది థర్మామీటరుకు కాదు. ర్యాక్ ముందు భాగంలో కింద, నడుమ, పైన మూడు చోట్ల కొలవాలి. పై కొలత 27 దాటకుండా ఉంటే రిమోటులో 18 పెట్టి గదిని గడ్డకట్టించవలసిన అవసరం లేదు. రిమోటులో అంకె తగ్గించే కొద్దీ గోడల గుండా వచ్చే వేడి పెరుగుతుంది, బిల్లు కూడా పెరుగుతుంది.

లెక్క సరైనదేనా అని చూసుకోవడం

బిగించిన తర్వాత మే నెలలో మధ్యాహ్నం మూడు నుంచి రాత్రి ఎనిమిది లోపు ఒకసారి పరీక్షించాలి. రెండు ఏసీలే నడిపి, మూడోదాన్ని ఆపి, ర్యాక్ ముందు ఉష్ణోగ్రతను రెండు గంటల పాటు గమనించాలి. కంప్రెసర్లు అప్పుడప్పుడైనా ఆగుతూ, లేదా ఇన్వర్టర్ రకమైతే వేగం తగ్గించుకుంటూ ఉంటే భారం కంటే సామర్థ్యం ఎక్కువే ఉన్నట్టు. ఒక్క క్షణమూ ఆగకుండా నడుస్తూ, ఉష్ణోగ్రత మెల్లగా పైకి పోతుంటే ఎక్కడో లెక్క తప్పింది. అప్పుడు ముందుగా చూడవలసింది ఏసీల ఫిల్టర్లు, ఆ తర్వాత ఔట్‌డోర్ యూనిట్ల చుట్టూ ఖాళీ స్థలం, ఆపైన యూపీఎస్ తెర మీది భారం. గత ఏడాది మీరు రాసుకున్న అంకె కంటే అది పెరిగి ఉంటే, ఎవరో మీకు చెప్పకుండా ర్యాక్‌లో ఏదో పెట్టారన్నమాట.

ఈ పద్ధతికి ఒక పరిమితి ఉంది. ర్యాక్ ఒక్కింటికి నాలుగైదు కిలోవాట్ల వరకు స్ప్లిట్ ఏసీలతో జాగ్రత్తగా నడపవచ్చు. కృత్రిమ మేధ కోసం ఇప్పుడు కళాశాలలు కూడా అడుగుతున్న ఎనిమిది జీపీయూల (గ్రాఫిక్స్ ప్రాసెసర్ల) సర్వర్ సంగతి వేరు. ఎన్విడియా డీజీఎక్స్ హెచ్100 ఒక్కటే గరిష్ఠంగా 10.2 కిలోవాట్లు తీసుకుంటుంది, అంటే ఈ వ్యాసంలోని గది మొత్తం భారం కంటే ఎక్కువ వేడి ఒక్క పెట్టెలోంచి వస్తుంది. దానికి నిమిషానికి 1,600 ఘనపు అడుగుల చల్లని గాలి ర్యాక్ ముందే అందాలి, గోడ మీది ఏసీలు అంత గాలిని ఒక్క చోటికి చేర్చలేవు. అలాంటి సర్వర్ కొనే ప్రతిపాదన కాగితం మీద ఉన్నప్పుడే, ర్యాక్‌ల మధ్యనే నిలబెట్టే ఇన్-రో కూలింగ్ యూనిట్లకో నీటితో చల్లబరిచే ఏర్పాటుకో ధరలు తెప్పించి ఆ ప్రతిపాదనలోనే చేర్చాలి.